గుండుసూదుల కప్పు

జూన్ 2, ఆదివారం

ఈ రిజిస్టరు ఆసుపత్రి నుంచి రిటైరై వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. ఆపరేషన్ సామాన్లను ఆవిరిలో ఉడికించే గదిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ప్రతి ట్రేకీ ఇందులో ఒక వరుస ఉంటుంది: తేదీ, వేడి, సంతకం. సంతకం లేని ట్రే ఆ గది గుమ్మం దాటకూడదు. చేసిందెవరో తెలియాలి, అంతే. ఇన్నాళ్లూ బీరువాలో ఖాళీగా పడి ఉన్న రిజిస్టరు ఈరోజు పనికొచ్చింది. మనిషికి చెబితే సాయంత్రానికల్లా మా చర్చి సంఘమంతా పాకుతుంది. కాగితానికి నోరు లేదు.

వేడి: 134. ట్రేది కాదు, నాది. ఆసుపత్రిలో మా మిషను అంతకంటే ఎక్కదు, అందుకని అక్కడ ఆగాను.

సంతకం: దేనికి? చూసేదెవరు?

ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేచి, పంతొమ్మిదేళ్లుగా ప్రభువు బల్ల కప్పులు కడుగుతున్న అమ్మగారికి ఇక విశ్రాంతి ఇద్దామన్నాడు. నేను అడిగానా విశ్రాంతి? కప్పులు డెబ్బై రెండు. బొటనవేలంత గాజు కప్పులు. నెలకోసారి, మొదటి ఆదివారం, ద్రాక్షరసం తాగి అందరూ ఇళ్లకు పోతే వెనక గదిలో కుళాయి దగ్గర మిగిలేది నేను. మళ్లీ బల్లకు ముందురోజు శనివారం తుడిచి రెండు ట్రేలలో పేర్చేదీ నేనే. ఇన్నేళ్లలో మూడు కప్పులు అంచు పెచ్చు లేస్తే నేనే చూసి తీసేశాను. ఒక్కరి పెదవికి గీత పడనివ్వలేదు.

ఇప్పుడు ఆ పని ఎవరికిచ్చారు? మా మరదలికి. సాక్షాత్తు నా తమ్ముడి పెళ్లానికి. ఆమె మా ఇంటికొచ్చిన కొత్తలో పిల్లాడి పాలసీసా ఉడకబెట్టడం కూడా చేతకాదు. పక్కన నిలబడి నేర్పాను. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

చప్పట్లు కొట్టారు. పోనీలే అనుకోవడానికి కూడా వీల్లేకుండా లేచి నిలబడి మరీ కొట్టారు. నాకొక గోడగడియారం ఇచ్చారు. ఇచ్చిన పెద్దాయనకు ఈ రిజిస్టరులో ఇకనుంచి ‘గడియారం’ అని పేరు. మరదలు తల వంచుకుని నా దగ్గరికొచ్చి, “వదినా, మీరు ఎలా చెబితే అలా చేస్తాను” అంది. ఆ తల ఎప్పుడూ వంగే ఉంటుంది. ఆమెకు ‘దీనురాలు’ అని పెట్టాను. నేను నవ్వాను. ఆ నవ్వు దవడల్లో ఇంకా నొప్పిగా ఉంది.

జూన్ 3

గడియారంలో బ్యాటరీ తీసేశాను.

జూన్ 5

పోట్లాడను. పోట్లాడితే నేను తక్కువైపోతాను. తక్కువ కావలసిందే, కానీ నా ఇష్టంతో, అందరూ చూసేలా.

పెద్దవాడు కావాలనుకునేవాడు అందరికీ పనివాడు కావాలని పాస్టర్‌గారు ఎన్ని ఆదివారాలు చెప్పలేదు! అలాగే కానిద్దాం. కప్పుల కంటే కింద ఉన్న పనేది? మందిరం వెనక మరుగుదొడ్లు కడగడం. ఈరోజే వెళ్లి అడిగాను. ఆయన నా కూతురి కంటే చిన్నవాడు. ఈ వయసులో మీకెందుకమ్మా అన్నాడు. ప్రభువు సేవకు వయసు చూడమన్నాడా అన్నాను. పాపం, బ్రష్షులు ఎక్కడున్నాయో చూపించాడు. చేతిలో బ్రష్షుతో నేను, చేతిలో కప్పులతో ఆమె. ఎవరు దీనులో సంఘం చూస్తుంది.

వేడి: 121. పథకం దొరికితే కొంచెం తగ్గుతుంది.

జూన్ 9, ఆదివారం

తొమ్మిదిన్నరకు వెళ్లాను. ఏడింటికి వెళితే ఖాళీగా ఉంటుంది, తేలిగ్గా అయిపోతుంది. కానీ ఏడింటికి చూసేవాళ్లెవరు? తెల్ల బట్టలు వేసుకున్నాను. బకెట్టుతో ముందు గేటు నుంచే నడిచాను, పక్క దారి ఉన్నా.

“అయ్యో, మీరా” అన్నవాళ్లు పదకొండు మంది. గడియారం ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చాలు, అనుకుంటూ మోకాళ్ల మీద కూర్చుని రుద్దుతున్నాను. పక్క దొడ్లో కూడా బ్రష్షు చప్పుడు మొదలైంది. చూద్దును కదా, దీనురాలు! చెంగు నడుముకు దోపుకుని గోడ తోముతోంది. నన్ను చూసి, “మీరొక్కరే ఎందుకు చేయాలి వదినా” అంది.

పుండు మీద కారం. నా అవమానంలో కూడా వాటా కావాలి ఈమెకు.

జూన్ 10

కుడి మణికట్టు వాచింది. మనసుకేం ఢోకా లేదు.

జూన్ 16, ఆదివారం

ఈరోజు వాక్యంలో ఒక మాట పట్టుకున్నాను. శత్రువు ఆకలితో ఉంటే తిండి పెట్టు, దాహంతో ఉంటే నీళ్లివ్వు, అలా చేస్తే అతని తలమీద నిప్పులు పోసినట్టే అని. పాస్టర్‌గారు దాన్ని ప్రేమ గురించి చెప్పారు. నాకు మాత్రం నిప్పులే వినిపించాయి.

ఈ రిజిస్టరులో గీతలు చాలా పలచగా అచ్చు వేశారు. వరుస తప్పిపోతున్నాను.

జూన్ 22

నిప్పులు పోయడం మొదలుపెట్టాను. వాళ్లింటికి వెళ్లి వంటగది అలమరలన్నీ దింపి తుడిచాను. అడక్కుండానే. ఒక్కొక్క డబ్బా తీసి ఆమె ముందు పెట్టి, ఎంత మురికి పట్టిందో చూసుకో అన్నట్టుగా తుడిచాను. ఆమె ఏమనాలి? సిగ్గుపడాలి, లేదా ఏడవాలి. ఆమె స్టూలు తెచ్చి వేసింది, నేను పడతానేమోనని.

తమ్ముడు బస్సు డిపో నుంచి వచ్చి నూనె చేతులతోనే గుమ్మంలో నిలబడిపోయాడు. “అక్కా, నీకేమైంది?” అన్నాడు. సేవ చేస్తున్నానురా అన్నాను. వాడికి నేను చిన్నప్పటి నుంచీ తెలుసు. స్నానానికి పోయాడు.

జూలై 7, మొదటి ఆదివారం

ఆమె కడిగిన కప్పులతో మొదటి బల్ల. నా వంతు కప్పును తలెత్తి వెలుతురులో చూశాను. మచ్చ లేదు. తిప్పి చూశాను. లేదు. ద్రాక్షరసం తాగేటప్పుడు మనిషి ఏం తలచుకోవాలో నాకు తెలుసు. నేను మచ్చ వెతికాను.

వేడి: 134.

జూలై 11

మా అమ్మాయి మందుల షాపులో పని ముగించుకుని వచ్చేసరికి సూదిలో దారం ఎక్కిస్తున్నాను. దారం నాలుగుసార్లు సూది పక్కనుంచి పోయింది. కళ్లు చూపించుకోమ్మా అంటుంది. బల్బు మార్చవే ముందు అన్నాను. మార్చింది. ఈ కొత్త బల్బులు కూడా అంతే.

జూలై 19

కిటికీ గట్టుమీద గుండుసూదులు పెట్టుకునే కప్పు ఉంది. నాలుగేళ్ల కిందట అంచు లేచిందని నేను ట్రే నుంచి తీసి ఇంటికి తెచ్చుకున్న కప్పు. గోరు తగిలితే గరగరమంటుంది.

ఏమీ అనుకోవడం లేదు. ఉంది అని రాశాను.

జూలై 26

తప్పు జరగాలి. ఒక్క తప్పు. ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. గడియారం ఆయన ఎప్పుడూ మొదటి ట్రేలో నట్టనడుమ కప్పే తీసుకుంటాడు, సింహాసనం తనదైనట్టు. పెదవికి గరుకు తగులుతుంది, తీసి చూస్తాడు, కనుబొమలు ముడేస్తాడు. పంతొమ్మిదేళ్లలో ఇలాంటిది ఒక్కసారైనా జరిగిందా అని పక్కాయన్ని అడుగుతాడు. అంతే. రక్తం దాకా ఎందుకు పోతుంది? గరుకే కదా.

వెనక గది తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగి ఇమ్మని ఎవరికీ తోచలేదు. అంటే నన్ను ఇంకా నమ్ముతున్నారు.

ఆగస్టు 4, మొదటి ఆదివారం

పాటల తాత పెదవి తెగింది. రెండు కుట్లు పడ్డాయి.

ఆగస్టు 5

నిన్న మిగతాది రాయలేకపోయాను. రాస్తాను.

ఉదయం బకెట్టుతో వెళ్లినప్పుడు వెనక గది తెరిచాను. ట్రేలు సిద్ధంగా ఉన్నాయి, తెల్లబట్ట కప్పి. మొదటి ట్రే అడుగున ఒక చుక్క, రెండోదానికి రెండు చుక్కలు చెక్కి ఉంటాయి. ఎత్తి చూశాను. ఒకే చుక్క. నడిమి కప్పు తీసి జేబురుమాలులో చుట్టుకున్నాను, దాని చోట నాది పెట్టాను. సూదులు కిటికీ గట్టుమీద పోసి, ఆ కప్పు వేడి నీళ్లలో కడిగే తెచ్చాను. నేను శుభ్రం తప్పను.

మొదటి ట్రే పెద్దల వరుస నుంచి మొదలవుతుంది, రెండోది పాటలవాళ్ల నుంచి. గడియారం ఆయన నడిమి కప్పు తీసుకుని, తాగి, కింద పెట్టాడు. కనుబొమ కదల్లేదు. నాకు అర్థం కాలేదు. అంతలో అటువైపు ఎవరో చిన్నగా కేక పెట్టారు.

మందిరంలో పాటలు ఎత్తుకునే పాటల తాతకు చూపు లేదు. ట్రే నడుమ ఉన్నదైతే చేతికి తేలిగ్గా దొరుకుతుందని ఆయన కూడా నడిమిదే తీసుకుంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. పంతొమ్మిదేళ్లు చూశాను, ఎందుకు తెలియదు? కానీ అది రెండో ట్రే. నేను పెట్టింది మొదటి ట్రేలో. ట్రేలు ఎవరో తారుమారు చేసి ఉంటారు.

కింది పెదవి నిలువునా చీలింది. గుండె కోసం రక్తం పలచబడే మందులు వేసుకుంటాడు, అందుకని ఆగలేదు. గడ్డం మీద నుంచి తెల్ల చొక్కా మీదికి కారుతోంది. ఆయన మాత్రం, ద్రాక్షరసం ఒలకబోసుకున్నాననుకుని, క్షమించండి, క్షమించండి అంటున్నాడు. నేనే పరుగెత్తాను. తల ముందుకు వంచి, మడతపెట్టిన గుడ్డతో పెదవిని రెండువైపులా నొక్కి పట్టుకున్నాను. ఆసుపత్రి దాకా ఆటోలో అలాగే పట్టుకున్నాను. మీరు లేకపోతే ఏమయ్యేదో అని నన్ను అందరూ మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మేం బయల్దేరే ముందు కప్పులు కడిగింది ఎవరని గడియారం ఆయన గట్టిగా అడిగాడు. మరదలు అప్పటికే పగులు కప్పును చేతిలో పట్టుకుని చూస్తోంది. దాన్ని తిప్పింది. తలెత్తి నావైపు ఒక్కసారి చూసింది. ఆమె కళ్లు నేరుగా చూడటం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారేమో. తర్వాత అందరి ముందూ, “తప్పు నాదే. నేను సరిగ్గా చూసుకోలేదు” అంది.

నేను కోరుకున్నది అక్షరాలా అదే. తలవంచుకుని, అందరి ముందు, తప్పు నాదే అనడం. మరి ఎందుకు తిండి దిగలేదు?

వేడి: తెలియదు.

ఆగస్టు 7

నేను ఎవరికీ హాని తలపెట్టలేదు. గరుకు మాత్రమే.

మరదలు వచ్చింది. తాతకు జావ కాచి ఇచ్చి వస్తున్నానంది. కాసేపు కూర్చుంది. లేచి వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర ఆగింది. గట్టుమీద గుండుసూదులు కుప్పగా ఉన్నాయి. ఒకటి కింద పడితే వంగి తీసి కుప్పలో పెట్టింది. వెళ్లిపోయింది.

సూదుల్ని ఒక డబ్బా మూతలో వేశాను. ఎందుకంటే పడిపోతున్నాయి.

ఆగస్టు 11, ఆదివారం

గెలిచాను.

గడియారం ఆయన లేచి, పాత చేతులే పదిలమైన చేతులు అన్నాడు. కప్పులు మళ్లీ నాకే. చప్పట్లు. పాస్టర్‌గారు మాత్రం తన బూట్ల వైపు చూసుకున్నారు. మరదలు కూడా కొట్టింది. తాత కుర్చీ ఖాళీ. ఆయన లేకుండా పాటలు కుంటుతూ సాగాయి.

ఆగస్టు 12

గెలిచినవాళ్లు గెలుపును ఎవరికైనా చూపించుకోవాలి కదా. తమ్ముడి ఇంటికి వెళ్లాను. మరదలు బయటికెళ్లింది. కప్పులు నాకు తిరిగి ఇచ్చారురా అన్నాను. వాడు నవ్వాడు.

“అయితే మళ్లీ నా శనివారం రాత్రులు పోయాయన్నమాట. నా అన్నం నేనే వడ్డించుకోవాలి.”

ఏం శనివారాలు అన్నాను. వాడి నవ్వు ఆగిపోయింది. వాడికి అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అంతా కక్కాడు.

మూడేళ్లు. బల్లకు ముందు ప్రతి శనివారం నేను కప్పులు పేర్చి ఇంటికొచ్చాక, రాత్రిపూట ఆమె వెళ్లేదట. పాస్టర్‌గారి ఇంటి నుంచి తాళంచెవి తీసుకుని, డెబ్బై రెండు కప్పులూ మళ్లీ కడిగి, నేను పేర్చినట్టే పేర్చి వచ్చేదట. పెదవుల రంగు మరకలు పోవడం లేదట నా చేతుల్లో. ఎవరికీ చెప్పొద్దని పాస్టర్‌గారి దగ్గర మాట తీసుకుందట. మూడేళ్లయ్యాక పాస్టర్‌గారికే ఆమెను చూసి బాధేసి, నాకు విశ్రాంతి ఇప్పించారట. ఆమె వద్దని బతిమాలిందట. నిన్న మళ్లీ ఆయనే, పైకి వదినగారు, లోపల మీరు, ఎప్పటిలాగే అన్నారట.

ఎప్పటిలాగే.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నన్ను కొట్టినా ఇంత మండేది కాదు. మూడేళ్లు నేను సేవ చేశాననుకున్నాను. నా సేవను ఆమె వెనకనుంచి వచ్చి తుడిచిపెట్టేసింది. నిప్పులంటే ఇవి. ఆమెకు పోయడం తెలుసు. నాకు తెలియలేదు.

వేడి: 134. 134. 134.

ఆగస్టు 13

నమ్మలేదు. అమ్మాయి ఫోనులో లైటు పెట్టించుకుని వెనక గదికి వెళ్లాను. తాత పెదవి తెగిన రోజు కప్పులు నేనే కడిగి పెట్టాను, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, అందరూ వద్దంటున్నా. ఒక్కొక్కటీ లైటుకు అడ్డంగా పెట్టాను. తొమ్మిదింటికి మరకలున్నాయి. ఒకదానికి ఎర్రటి పెదవి ఉన్నది ఉన్నట్టు, పైపెదవి మధ్య వంపుతో సహా. గురివింద గింజ సామెత నేనే ఎంతమందికి చెప్పానో.

తర్వాత ట్రేలు తిప్పాను. నా చేతికి గుర్తున్న ట్రే, కుడి అంచు కొంచెం సొట్ట పడ్డది. ఆ రోజు నేను ఎత్తి చూసిన ట్రే అదే. దాని అడుగున రెండు చుక్కలున్నాయి. దగ్గర దగ్గరగా. లైటు లేకపోతే నాకు ఒకటే కనిపిస్తుంది.

ఎవరూ తారుమారు చేయలేదు.

ఆగస్టు 14

వెళ్లాను. ఆమె ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమంది. కూర్చోలేదు.

“ఆ కప్పు ఎవరిదో నీకు తెలుసు.”

“తెలుసు వదినా. మీరు గుండుసూదులు పెట్టుకునేది.”

“మరి తప్పు నాదని ఎందుకన్నావు?”

“తాత నోట్లోంచి రక్తం కారుతుంటే ఎవరిదని తేల్చుకుంటూ కూర్చుంటామా?”

తర్వాత చెప్పొచ్చు కదా అన్నాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూసింది. మళ్లీ ఆ నేరు చూపు.

“చెప్పాల్సింది నేను కాదు కదా. నాకు కోపం రాలేదనుకుంటున్నారా? వచ్చింది. ఇంకా ఉంది. ఆ రోజు నేనన్నది అబద్ధం, అది కూడా నా మీదే ఉంది. మీరే నోరు విప్పుతారని పది రోజుల నుంచి చూస్తున్నా. ఇంకా చూస్తా.”

శనివారాల సంగతి అడిగాను. మీ కళ్లు తగ్గాయని మీతో ఎవరు చెప్పగలరు వదినా, చెప్పినవాళ్లు బతుకుతారా అంది. నవ్వుతూ కాదు. శుభ్రం నేర్పింది మీరే, మీ పని మీ పేరుమీదే ఉండాలనుకున్నాను అంది. ఇంకొకటి కూడా అంది: దీనురాలు అని నాకు పేరు పెట్టారట, మీరు గొణుక్కుంటుంటే విని అమ్మాయి చెప్పింది, నేనేం దీనురాలిని కాను, నడుం నొప్పితో శనివారాలు మిమ్మల్ని తిట్టుకుంటూనే కడిగాను.

అది విన్నాక కొంచెం ఊపిరి ఆడింది. ఎందుకో తెలియదు. ఆమె కూడా తిట్టుకుందంటే.

ఆగస్టు 17

ఒప్పుకుంటాను. ఆదివారం, అందరి ముందు. ఎలా చెప్పాలో రెండు రోజులుగా తయారవుతున్నాను. మొదట నిశ్శబ్దంగా నిలబడాలి. గొంతు వణకాలి, మరీ ఎక్కువ కాదు. మోకాళ్లూనాలి. పాపం పెద్దదైనా ఒప్పుకున్న తీరు చూశావా అని అందరూ నెలల తరబడి చెప్పుకోవాలి. మరదలు గుర్తు రాకూడదు ఎవరికీ.

ఏ బట్టలు వేసుకోవాలా అని బీరువా తెరిచాను. తెల్లవి తీశాను. బట్టలు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

ఛీ.

ఆగస్టు 18, ఆదివారం

నోరు తెరవలేదు. మరుగుదొడ్లు ఏడింటికే వెళ్లి కడిగాను.

ఆగస్టు 20

ముందు ఎవరి పెదవి కోశానో ఆయన దగ్గరికి కదా పోవాలి. ఇన్నాళ్లు ఆ మాటే తట్టలేదు.

తాతది ఒకే గది. మంచం, కుర్చీ, బల్లమీద నీళ్ల కూజా, బోర్లించిన గాజు గ్లాసు. కుట్లు విప్పారు. పెదవిమీద నల్లటి గీత మిగిలింది. నేను పలకరించగానే గొంతు గుర్తుపట్టి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. మోకాళ్లూనాను. ఆయనకు కనిపించదు. గదిలో ఇంకెవరూ లేరు. నేను ఎవరూ చూడకుండా మోకాళ్లూనింది ఎప్పుడో నాకే గుర్తులేదు.

“మోకాళ్లమీద ఉన్నావా? లే. కీళ్లు టపటపమన్నాయి” అన్నాడు.

లేవకుండానే చెప్పాను. కప్పు నేనే పెట్టానని, తెలిసే పెట్టానని, ఆయనకు కాదు గడియారం ఆయనకని, మరదలికి చెడ్డపేరు రావాలని. వంకలు కూడా చెప్పబోయాను, చుక్కలు కనిపించలేదని. నోట్లోనే ఆపేశాను. ఆయన చాలాసేపు పెదవిమీది గీతను వేలితో తడుముకున్నాడు.

“నువ్వే కోసి, నువ్వే గుడ్డ అదిమి పట్టావన్నమాట.”

“అవును.”

“పాట పాడుతుంటే ఇక్కడ లాగుతోంది. గాలి పక్కకు పోతోంది. డెబ్బై ఏళ్లు పాడాను. ఇప్పుడేమనమంటావు నన్ను? ఫర్వాలేదనమంటావా?”

కాసేపటికి, దాహంగా ఉంది, గ్లాసు కడిగి నీళ్లివ్వమన్నాడు.

కడిగాను. కళ్లను నమ్మకుండా వేలితో లోపలా బయటా చూసుకుంటూ కడిగాను. నీళ్లు పోసి ఆయన చేతికిచ్చాను. ఆయన వెంటనే తాగలేదు. చూపుడువేలు గ్లాసు అంచుమీద పెట్టి, నెమ్మదిగా, చుట్టూ ఒక్క పూర్తి చుట్టు తిప్పాడు. అప్పుడు తాగాడు. నేనిచ్చానని కాదు. ఇప్పుడు ఎవరిచ్చినా అంతేనట.

రేపు రా అన్నాడు. క్షమించానని అనలేదు. రేపు రా అన్నాడు.

ఆగస్టు 24

రోజూ వెళుతున్నాను. జావ మరదలు కాస్తోంది, గిన్నెలు నేను కడుగుతున్నాను. నేను కడిగిన గిన్నెలు ఆమె మళ్లీ చూస్తోంది, నా ముందే. ఒకదాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, “వదినా, అడుగున” అంది. ఒళ్లు భగ్గుమంది. కడిగాను.

ఆగస్టు 25, ఆదివారం

ఉన్న బట్టల్లోనే వెళ్లాను. ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. ఆ పగిలిన కప్పు పెట్టింది నేను, కావాలనే పెట్టాను, మా మరదలి తప్పేం లేదు, మూడేళ్లుగా నా కప్పులు మళ్లీ కడుగుతున్నదీ ఆమే, అని చెప్పి కూర్చున్నాను. అంతకంటే చెబితే అందులోకి నేను దూరేస్తానని భయం.

చప్పట్లు లేవు. గడియారం ఆయన ముఖం ఎర్రబడింది. ఆ కప్పు ఎవరికని పెట్టానో అది కూడా చెప్పాల్సిందేమో. ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికే వెళ్లి చెప్పాను. గడియారం తిరిగి ఇమ్మంటాడేమో అనుకున్నాను. వీపు తిప్పి వెళ్లిపోయాడు. మరి కొందరు కూడా నన్ను తప్పుకుని నడిచారు. గేటు దగ్గర మరదలు నిలబడి ఉంది. నా చేతి సంచి తీసుకుంది. ఆపుకోలేక, నీ కసి తీరిందా అన్నాను.

“కొంచెం” అంది.

సెప్టెంబర్ 1, మొదటి ఆదివారం

అమ్మాయి నిన్న కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలట. వచ్చే నెల ఆపరేషన్. ఆ సామాన్లు ఎవరో ఉడికించి సంతకం పెడతారు, ఆ సంతకాన్ని నమ్ముకుని నేను పడుకుంటాను.

కప్పులు నాకు లేవు, ఆమెకూ లేవు. ఇక గొడవే వద్దని పెద్దలు వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. పంతొమ్మిదేళ్ల పని, మూడేళ్ల శనివారాలు, అన్నీ కలిసి ఒక అట్టపెట్టెలో అటకెక్కాయి. నాకు కడుపు రగిలిపోయింది. పక్కన చూస్తే ఆమె ముఖమూ అలాగే ఉంది. తలవంచుకుని కాదు, గడియారం ఆయన వీపును సూటిగా చూస్తూ. ఉదయం ఏడింటికి ఇద్దరం మరుగుదొడ్లు కడిగాం. బ్రష్షు ఎలా పట్టుకోవాలో కూడా నాకు చెప్పబోయింది. ముప్పై ఏళ్ల ఆసుపత్రి అనుభవం నాది. ఊరుకోలేదు, నాలుగు మాటలన్నాను. ఆమె ఐదన్నది.

పాటల తాత వచ్చాడు. పాడలేదు, తన కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనక వరుసలో ఉన్నాను. రెండో ట్రే ఆయన దగ్గరికి వచ్చింది. నడిమి కప్పు తీసుకున్నాడు. మెత్తటి ప్లాస్టిక్, పసిపిల్లల చేతికిచ్చినా గీసుకోదు. అయినా చూపుడువేలు అంచుమీద పెట్టి, ఒక చుట్టు పూర్తిగా తిప్పాడు. ఆయన చుట్టు ముగించేదాకా ట్రే పట్టుకున్నవాళ్లు ఆగారు. తర్వాత తాగాడు. నా వంతు కప్పు నా చేతిలోనే ఉంది. ఈసారి దానిలో మచ్చ వెతకలేదు.

ఇంటికొచ్చి రిజిస్టరు వెనక్కి తిప్పి, ఆగస్టు 4 తీశాను. పాటల తాత పెదవి తెగింది, రెండు కుట్లు పడ్డాయి అని ఉంది, దానంతటదే తెగినట్టు. ఎదురుగా సంతకం గడి ఖాళీ. గీతలు కనిపించక అమ్మాయిని వేలు పెట్టి చూపించమన్నాను. ఇక్కడమ్మా అంది. సంతకం పెట్టాను.